ఉంటే, ఉంటేనే: ప్రవేశపరీక్ష తర్కంలో ప్రోగ్రామర్లు తడబడే చోటు

సాఫ్ట్‌వేరులో ఉన్న మనవాళ్ళు ఎంబీయే ఆలోచన వచ్చి జీమ్యాట్ పుస్తకం కొన్నప్పుడు వేసుకునే లెక్క ఒకటుంది. లెక్కలంటే చిన్నప్పటినుంచీ అలవాటే, ఎంసెట్ రాసి బయటపడ్డ ప్రాణానికి ఇవొక లెక్కలా! ఇక లాజిక్కంటారా, పొద్దున లేస్తే మన ఉద్యోగమే అది. మిగిలింది ఇంగ్లీషు. నాలుగు పదాల జాబితాలు బట్టీ పట్టేస్తే అదీ అయిపోతుంది.

ఇందులో మొదటిమాట చాలావరకు నిజం. మూడోది అనవసరం, ఎందుకంటే జీమ్యాట్ పదాల అర్థాలు అడగదు. గొడవంతా రెండోదాంట్లోనే ఉంది. కొన్నేళ్ళుగా వారాంతాల్లో ఇక్కడి స్నేహితులతో కూర్చుని ఈ ప్రశ్నలు చేయిస్తున్నాను. పదేళ్ళు కోడు రాసినవాళ్ళు, పెద్ద పెద్ద సిస్టములు డిజైను చేసినవాళ్ళు, క్వాంట్‌లో దాదాపు అన్నీ సరిగ్గా చేసి క్రిటికల్ రీజనింగ్ దగ్గరకొచ్చేసరికి సగం తప్పులు పెట్టడం చూశాను. వాళ్ళకి తర్కం రాక కాదు. వాళ్ళకి వచ్చిన తర్కం వేరు, ఇక్కడ అడిగే తర్కం వేరు. ఆ తేడా ఎక్కడుందో చూద్దాం.

ముందు పరీక్ష సంగతి రెండు ముక్కల్లో. 2023 నవంబరులో జీమ్యాట్ రూపం మారింది, 2024 జనవరి 31తో పాత పరీక్ష ఆగిపోయింది. కొత్తదాంట్లో మూడు భాగాలు, ఒక్కొక్కటి 45 నిమిషాలు. క్వాంట్‌లో 21 ప్రశ్నలు, వెర్బల్‌లో 23, డేటా ఇన్‌సైట్స్‌లో 20. మొత్తం స్కోరు 205 నుంచి 805 దాకా, అందులో మూడు భాగాలకీ సమానమైన తూకం. వెర్బల్‌లోంచి సెంటెన్స్ కరెక్షన్ ఎత్తేశారు. వ్యాకరణ సూత్రాలు నేర్చుకుని మార్కులు కూడబెట్టుకునే మనబోటివాళ్ళకి అది నిలవ సరుకులాంటిది. అది పోయాక వెర్బల్ అంటే రీడింగ్ కాంప్రహెన్షన్, క్రిటికల్ రీజనింగ్, అంతే. న్యాయశాస్త్రం వైపు, ముఖ్యంగా పేటెంట్ల వైపు వెళ్దామనుకునే ఇంజనీర్లు రాసే ఎల్‌శాట్‌లోనూ ఇలాంటిదే జరిగింది. ఎవరు ఎవరి పక్కన కూర్చోవాలి, ఏ పని ఏ రోజు చెయ్యాలి అంటూ గళ్ళు గీసుకుని చేసే లాజిక్ గేమ్స్ మన ప్రోగ్రామర్లకి వెన్నతో పెట్టిన విద్య. 2024 ఆగస్టు నుంచి వాటిని తీసేసి, మాటల్లో ఉండే లాజికల్ రీజనింగ్ భాగాన్ని ఒకటి పెంచారు. అంటే రెండు పరీక్షల్లోనూ మనం ఆధారపడ్డ మెట్లు పోయి, మనం తేలిగ్గా తీసుకున్న మెట్టు మిగిలింది.

కోడులో ఇఫ్, మాటలో ఇఫ్

మనం రోజూ రాసే ఇఫ్ ఒక ఆజ్ఞ. ఫలానా షరతు నెరవేరితే ఫలానా పని చెయ్యి అని కంప్యూటరుకి చెబుతున్నాం. ఆజ్ఞకి నిజం, అబద్ధం అంటూ ఉండవు. అది పైనుంచి కిందకి నడుస్తుంది, వెనక్కి నడవదు. మాటల్లో ఇఫ్ అలాకాదు. అది లోకం గురించి ఒకరు చేస్తున్న ప్రకటన. "వాన పడితే రోడ్డు తడుస్తుంది" అన్నారనుకోండి. ఆ మాట నిజమైతే దాంతోబాటు ఇంకొకటి కూడా ఉచితంగా నిజమవుతుంది: రోడ్డు తడవలేదంటే వాన పడలేదు. అంతవరకే. రోడ్డు తడిసిందని వాన పడిందనుకోకూడదు, మునిసిపాలిటీ ట్యాంకరు కారుతూ పోయుండవచ్చు. వాన పడలేదని రోడ్డు పొడిగా ఉందనీ అనుకోకూడదు, కారణం అదే ట్యాంకరు.

ఇది తెలియనిదెవరికి అంటారా? డీబగ్గింగు చేసేటప్పుడు ఒకసారి మిమ్మల్ని మీరే గమనించుకోండి. లాగ్ ఫైలులో ఒక ఎర్రరు మెసేజి కనబడగానే "ఓహో, ఈ బ్రాంచిలోకి వచ్చిందన్నమాట" అనుకుంటాం. అదే మెసేజిని ఇంకెవరో వేరే ఫైలులో కాపీ చేసి పెట్టి ఉంటే? ఫలితాన్ని చూసి షరతు నెరవేరిందనుకోవడం అక్కడా ఊహే. ఆఫీసులో ఆ ఊహ పదిసార్లకి తొమ్మిదిసార్లు సరిగ్గా తగులుతుంది కాబట్టి అలవాటైపోయింది. పరీక్ష రాసేవాళ్ళు ఆ పదోసారినే ఏరి ప్రశ్నగా పెడతారు.

ఇక్కడ మనకి అమ్మభాష గొప్పగా సాయపడుతుంది. ఇంగ్లీషులో ఇఫ్, ఓన్లీ ఇఫ్ అనే రెండింటి మధ్య తేడా చదివే వేగంలో జారిపోతుంది. తెలుగులో అది చిన్న "ఏ" కారంతో చెవిలో గట్టిగా వినబడుతుంది.

"వీసా ఉంటే రానిస్తారు."
"వీసా ఉంటేనే రానిస్తారు."

ఈ దేశంలో దిగిన ప్రతివాడికీ ఈ రెంటికీ తేడా ఒంటికి తెలుసు. మొదటిది నిజమైతే వీసా స్టాంపు పడగానే నిశ్చింతగా పడుకోవచ్చు. నిజానికి మనలాంటి పాస్‌పోర్టులవాళ్ళకి వర్తించేది రెండోది. వీసా లేకపోతే విమానమే ఎక్కనివ్వరు, ఉన్నా ఎయిర్‌పోర్టులో అధికారి ప్రశ్నలు దాటాలి. "ఉంటే" అన్నది చాలినంత షరతు. "ఉంటేనే" అన్నది ఉండితీరాల్సిన షరతు. అలాగే "వీసా ఉన్నవాళ్ళందరినీ", "వీసా ఉన్నవాళ్ళనే" అన్నవి కూడా ఎదురెదురు దిక్కులు. ఇంగ్లీషులో ఓన్లీ కనబడిన ప్రతిచోటా ఆ వాక్యాన్ని మనసులో తెలుగులోకి తిప్పి "ఏ" ఎక్కడ తగులుతుందో వినండి. ఒక్క క్షణం పనే.

అన్‌లెస్ అనే మాట దగ్గర కూడా ఇంతే. ఇంగ్లీషు పుస్తకాలు దీనికి అదేపనిగా సూత్రాలు చెబుతాయి. తెలుగులో "తప్ప" ఉంది కదా! "వాన పడితే తప్ప మ్యాచి ఆగదు." మ్యాచి ఆగిందంటే వాన పడినట్టే. మరి వాన పడితే మ్యాచి ఆగి తీరుతుందా? ఆ మాట ఇందులో లేదు. సన్నజల్లుకి ఆపకపోవచ్చు.

చాలామంది అంటే ఎంతమంది?

సాయపడిన భాషే ఇంకోచోట కాలు అడ్డం పెడుతుంది. ఇంగ్లీషులో మెనీ, మోస్ట్ అని రెండు మాటలుంటే రెంటికీ మనం "చాలామంది" అనేస్తాం. పరీక్ష దృష్టిలో ఈ రెంటికీ ఆకాశానికీ భూమికీ ఉన్నంత దూరం. మోస్ట్ అంటే సగం కంటే ఎక్కువ. మెనీ అంటే సగం సంగతి ఏమీ తెలియదు, వెయ్యిమందిలో వందమందినీ మెనీ అనవచ్చు. సమ్ అంటే కనీసం ఒకరు, అందరూ కూడా కావచ్చు. "కొందరికి నచ్చింది" అనగానే మిగిలినవాళ్ళకి నచ్చలేదని మనం వినేస్తాం. పరీక్షలో అలా వినకూడదు.

మీ టీములో పదిమంది. సగం కంటే ఎక్కువమందికి జావా వచ్చు, సగం కంటే ఎక్కువమందికి పైథాను వచ్చు. రెండూ వచ్చినవాళ్ళు ఉన్నారా? ఉండి తీరాలి. కనీసం ఆరూ, ఆరూ పన్నెండు, మనుషులేమో పదిమందే. ఇద్దరైనా రెండు జాబితాల్లోనూ పడాలి. అదే మాటని మెనీతో చెబితే ఏమీ తేలదు.

ఇప్పుడు కొంచెం మార్చి చూడండి. జావా వచ్చినవాళ్ళలో ఎక్కువమంది రాత్రి షిఫ్టులో ఉన్నారు. రాత్రి షిఫ్టులో ఎక్కువమంది శాకాహారులు. కాబట్టి జావా వాళ్ళలో శాకాహారులున్నారు. సరైన వాదనలాగే ఉంది, కాదు. జావా వాళ్ళు పదిమంది, అందులో ఆరుగురు రాత్రి షిఫ్టు అనుకోండి. ఆ షిఫ్టులో మొత్తం వందమంది, తొంభైమంది శాకాహారులు. మన ఆరుగురూ మిగిలిన పదిమందిలోనే ఉండవచ్చు. పగలు పనిచేసే నలుగురూ మాంసాహారులే కావచ్చు. అంతే, కథ తలకిందులు. సందేహం వచ్చినప్పుడు ఇలా చిన్న చిన్న అంకెలు వేసి ఎదురు ఉదాహరణ కట్టడం ప్రోగ్రామర్లకి బాగా కుదురుతుంది. టెస్ట్ కేసులు రాసే బుర్రే కదా!

ఈ షరతుల తర్కం, ఈ ఎక్కువ తక్కువల తర్కం ఎల్‌శాట్‌లో సూటిగా వస్తాయి. జీమ్యాట్‌లో ఇంత విప్పి అడగడం తక్కువ. అక్కడ అసలు పరీక్ష వేరేది, పాఠంలో పెద్ద భాగం దానికే.

తడి కట్టె ఎక్కడుంది?

క్రిటికల్ రీజనింగ్ ప్రశ్న ఎలా ఉంటుందంటే, నాలుగైదు వాక్యాల పేరా, దాని కింద ఒక ప్రశ్న, ఐదు జవాబులు. పేరాలో ఎవరో ఏవో ఆధారాలు చూపించి ఒక నిర్ణయానికి వస్తారు. ఈ వాదనని బలహీనపరిచేదేది, బలపరిచేదేది, ఇది దేనిమీద ఆధారపడి ఉంది అని రకరకాలుగా అడిగినా అడిగేది ఒకటే: ఆధారానికీ నిర్ణయానికీ మధ్య చెప్పకుండా వదిలేసింది ఏమిటి?

దీనికి మన తర్కశాస్త్రంలో చక్కని పేరుంది, ఉపాధి. ఈ మాట వినగానే ఉద్యోగం గుర్తొస్తుంది, ఆ ఉపాధి కాదు! ఆంధ్రదేశం నుంచి కాశీ వెళ్ళి స్థిరపడిన అన్నంభట్టు 17వ శతాబ్దంలో రాసిన తర్కసంగ్రహం ఈనాటికీ ఈ శాస్త్రంలో అడుగుపెట్టేవాళ్ళకి మొదటి పుస్తకం. కొండమీద పొగ కనబడుతోంది కాబట్టి అక్కడ నిప్పుంది అన్న ఉదాహరణ అందరూ విన్నదే. దాన్ని తిరగేసి చూడండి. కొండమీద నిప్పుంది కాబట్టి అక్కడ పొగ ఉంటుంది. ఇది నిలబడదు. ఎర్రగా కాల్చిన ఇనుపగుండులో నిప్పుంది, పొగ లేదు. మరి వంటింట్లో పొగ ఎందుకొచ్చింది? కట్టె తడిగా ఉంది కాబట్టి. ఆ తడి కట్టే ఇక్కడ ఉపాధి. పొగ ఉన్న ప్రతిచోటా అది ఉంటుంది, నిప్పు ఉన్న ప్రతిచోటా ఉండదు. వాదించేవాడు దాని ఊసెత్తకుండా నిప్పునుంచి నేరుగా పొగకి దూకేశాడు.

ప్రతి క్రిటికల్ రీజనింగ్ పేరాలోనూ ఒక తడి కట్టె దాక్కుని ఉంటుంది. జవాబులు చదవకముందే దాన్ని వెతకాలి. అదే శాస్త్రంలో కుమ్మరివాడి గాడిద కూడా ఉంది. కుండ తయారయ్యేటప్పుడు మట్టి మోసిన గాడిద అక్కడే ఉంది, అంతమాత్రాన కుండకి గాడిద కారణం కాదు. పక్కన ఉన్నంతమాత్రాన కారణం అయిపోదని స్టాటిస్టిక్సు క్లాసులో చెప్పే మాటే ఇది, కాకపోతే గాడిదతో చెబితే మరిచిపోం.

ఒక ప్రశ్న చేద్దాం. నేనే కట్టింది, కానీ కొలతలు ఆ పరీక్షవే.

"ఒక సాఫ్ట్‌వేరు కంపెనీ జనవరి నుంచి ప్రతి కోడు మార్పునీ ఒకరికి బదులు ఇద్దరు పరిశీలించాలని నియమం పెట్టింది. ఆ తర్వాతి ఆరునెలల్లో కస్టమర్ల నుంచి వచ్చిన తప్పుల ఫిర్యాదులు అంతకుముందు ఆరునెలలకంటే 40 శాతం తగ్గాయి. కాబట్టి ఇద్దరు పరిశీలించడం వల్ల సాఫ్ట్‌వేరు నాణ్యత పెరిగింది." ఈ వాదనని ఎక్కువగా బలహీనపరిచేది ఏది?

(అ) కొత్త నియమం వల్ల పని ఆలస్యమవుతోందని కొందరు ఇంజనీర్లు విసుక్కున్నారు.
(ఆ) ఇంకొక కంపెనీలో ఒక్కరే పరిశీలిస్తున్నా ఇంతకంటే తక్కువ ఫిర్యాదులు వస్తాయి.
(ఇ) అదే జనవరిలో కంపెనీ ఫోను లైను మూసేసి, ఫిర్యాదులన్నీ పొడుగాటి వెబ్ ఫారం నింపి పంపాలని చెప్పింది.
(ఈ) రెండో పరిశీలకుల్లో కొందరు కోడు పూర్తిగా చదవకుండానే సరే అంటారు.
(ఉ) మిగిలిన తప్పుల్లో ఎక్కువభాగం నియమం రాకముందు రాసిన కోడులోవి.

నేను ఎవరికిచ్చినా సాఫ్ట్‌వేరువాళ్ళలో ఎక్కువమంది (ఈ) దగ్గరకి పరిగెడతారు. ఎందుకో మీకు తెలుసు, మనమంతా ఆ రెండో పరిశీలకులమే! చూడకుండా సరే కొట్టే సంగతి మన అనుభవంలో ఉంది కాబట్టి అది వాదనని కూల్చేస్తుందనిపిస్తుంది. కానీ కొందరు చదవకపోయినా మిగిలినవాళ్ళు చదివి తప్పులు పట్టి ఉండవచ్చు, 40 శాతం తగ్గుదల ఇంకా అలాగే నిలబడి ఉంది. పరీక్షకి మీ అనుభవంతో పనిలేదు. పైగా మీకు బాగా తెలిసిన రంగం గురించి పేరా వస్తే ఇంకా జాగ్రత్తగా ఉండండి.

ఇప్పుడు తడి కట్టెని వెతుకుదాం. ఆధారం దేని గురించి? ఫిర్యాదుల గురించి. నిర్ణయం దేని గురించి? నాణ్యత గురించి. ఫిర్యాదు వేరు, తప్పు వేరు. తప్పులు అన్నే ఉండి, చెప్పేవాళ్ళు తగ్గినా ఫిర్యాదులు తగ్గుతాయి. ఫిర్యాదు చెయ్యడం ముందు ఎంత తేలికో తర్వాతా అంతే తేలిక అన్నది ఇక్కడ చెప్పకుండా వదిలేసిన షరతు. దాన్ని ఊడబీకేది (ఇ). చూశారా, ఆ మాట జవాబులు చదవకముందే మన నోటికి వచ్చేసింది. (ఆ) వేరే కంపెనీ గొడవ, ఇక్కడ ముందూ తర్వాతా పోలిక కావాలి. (ఉ) నిజానికి వాదనకి కొంచెం బలమే ఇస్తుంది. (అ) గురించి చెప్పేదేముంది.

తిరగేసి చూడటం

వాదన దేనిమీద ఆధారపడి ఉందని అడిగే ప్రశ్నలకి ఒక పాత పనిముట్టు ఉంది. జవాబుని తిరగేసి, అంటే దాని వ్యతిరేకాన్ని నిజమనుకుని చూడండి. వాదన కూలిపోతే అదే సరైన జవాబు. పైకి తేలిక. తిరగెయ్యడంలోనే చాలామంది పొరబడతారు, ఇక్కడ మళ్ళీ మన తెలుగు కొంచెం ఇబ్బంది పెడుతుంది. "అందరూ రాలేదు" అన్నామనుకోండి. ఎవరూ రాలేదనా, కొందరే వచ్చారనా? మాట విరుపునిబట్టి రెండూ కావచ్చు. తర్కంలో "అందరూ వచ్చారు" అన్నదానికి వ్యతిరేకం "కనీసం ఒకరు రాలేదు", అంతే. "ఎవరూ రాలేదు" అని తిరగేస్తే అవసరానికి మించిన దెబ్బ కొట్టినట్టు, తప్పు జవాబు కూడా సరైనదిగా కనబడుతుంది.

ఇది చూడండి. "మా ఊరి గ్రంథాలయం పోయిన ఏడాది 200 తెలుగు పుస్తకాలు కొంది. ఈ ఐదేళ్ళలో ఊళ్ళో తెలుగువాళ్ళ సంఖ్య రెట్టింపైంది. అయినా తెలుగు పుస్తకాలు ఇంటికి తీసుకెళ్ళేవాళ్ళ సంఖ్య పెరగలేదు. కాబట్టి కొత్తగా వచ్చినవాళ్ళకి తెలుగు చదవడం మీద ఆసక్తి లేదు." ఇది దేనిమీద ఆధారపడి ఉంది?

(అ) కొత్తగా వచ్చిన తెలుగు కుటుంబాలన్నీ గ్రంథాలయానికి దగ్గరలోనే ఉంటాయి.
(ఆ) తమిళ, హిందీ పుస్తకాలు తీసుకెళ్ళేవాళ్ళ సంఖ్య పెరిగింది.
(ఇ) కొత్తగా వచ్చినవాళ్ళు తమకి కావలసిన తెలుగు చదువుని గ్రంథాలయంతో పనిలేకుండా వేరే దారుల్లో తీర్చుకోవడం లేదు.
(ఈ) గ్రంథాలయం వచ్చే ఏడాది తెలుగు పుస్తకాలు కొనడం ఆపేస్తుంది.
(ఉ) పిల్లలకి ఇంట్లో తెలుగు నేర్పే తల్లిదండ్రులు ఇదివరకటికంటే ఎక్కువయ్యారు.

(అ)ని సరిగ్గా తిరగెయ్యండి: కనీసం ఒక కుటుంబం దూరంగా ఉంటుంది. వాదనకి ఏమైనా అయిందా? ఒక్క కుటుంబం దూరంగా ఉన్నంత మాత్రాన ఏమీ కాలేదు. అదే "ఏ కుటుంబమూ దగ్గరలో లేదు" అని తిరగేసి ఉంటే వాదన కూలినట్టు కనబడి (అ) గుర్తు పెట్టేసేవారు. ఇక (ఇ)ని తిరగెయ్యండి: వాళ్ళు కావలసినదంతా ఇంటర్నెట్టులోనో, ఫోనులోనో చదివేసుకుంటున్నారు. నిర్ణయం కూలిపోయింది. ఇదే జవాబు. ఈ మాట ఇంటర్నెట్టులో తెలుగు చదువుతున్న మీకు నేను వేరే చెప్పాలా! (ఆ), (ఈ), (ఉ) మూడూ తిరగేసినా వాదన ఉలకదు, పలకదు.

ఇక ఇన్‌ఫరెన్సు ప్రశ్నలు. వీటిలో పని తిరగబడుతుంది. పేరాని అనుమానించకూడదు, అంతా నిజమని ఒప్పుకుని దాన్నుంచి తప్పకుండా తేలేది ఏదో చెప్పాలి. ఇక్కడ పెద్ద పెద్ద మాటలున్న జవాబులు చాలావరకు తప్పు. ఎల్లప్పుడూ, ఎవ్వరూ, అన్నిటికంటే అనే మాటలకి పేరాలో అంత ఆధారం దొరకదు. "కనీసం ఒకటి", "కొన్నిసార్లు" అంటూ చప్పగా ఉండే జవాబుని మొదట పట్టించుకోండి. బలపరిచే, బలహీనపరిచే ప్రశ్నల్లో మాత్రం గట్టి మాటలున్నాయని భయపడక్కర్లేదు. ఈ రెంటినీ కలిపేసుకుని, గట్టి మాట కనబడితే కొట్టెయ్యమని ఎవరో చెప్పారని అన్నిచోట్లా కొట్టేసేవాళ్ళున్నారు.

ఆఫీసు అయ్యాక చదువు

మన పాఠకుల్లో చాలామందికి పిల్లలు పడుకున్నాక గానీ పుస్తకం తీసే వీలుండదు. ఆన్‌కాల్ వారంలో అదీ ఉండదు. అలాంటప్పుడు రాత్రి పదకొండుకి కూర్చుని యాభై ప్రశ్నలు చేసి, జవాబులు సరిచూసుకుని, 31 వచ్చాయని రాసుకుని పడుకోవడం నా దృష్టిలో ఏ ఉపయోగమూ లేని పని. ఐదు ప్రశ్నలు చాలు. ఒక్కో ప్రశ్నకీ ముందు నిర్ణయాన్ని ఒక వాక్యంలో మీ మాటల్లో రాయండి. తెలుగులో రాస్తే మరీ మంచిది, ఎందుకంటే ఇంగ్లీషు వాక్యాన్ని అర్థం కాకుండానే కాపీ చెయ్యొచ్చు, తెలుగులోకి అలా తేలేరు. తర్వాత తడి కట్టె ఏమిటో రాయండి. అప్పుడే జవాబులు చూడండి. సరైనది గుర్తుపెట్టాక, మిగిలిన నాలుగూ ఎందుకు కావో ఒక్కో ముక్క రాయండి. సరిగ్గా చేసిన ప్రశ్నలకి కూడా రాయాలి, అదృష్టం ఎక్కడ కలిసొచ్చిందో అప్పుడే తెలుస్తుంది.

తప్పుల పట్టిక కూడా ఉండాలి. బగ్ ట్రాకరు అలవాటున్న మనకి ఇది నేర్పక్కర్లేదు గానీ, అందులో "అజాగ్రత్త" అని రాసుకోవద్దు. అది కారణం కాదు, సాకు. "ఫిర్యాదుని తప్పుగా తీసుకున్నాను", "మెనీని మోస్ట్‌గా చదివాను", "నా ఆఫీసు అనుభవం తెచ్చిపెట్టుకున్నాను" అని రాయండి. రెండు మూడు వారాల పట్టిక చూస్తే మీరు ఏ రకం గోతిలో పదేపదే పడుతున్నారో మీకే కనబడుతుంది.

ప్రశ్నలు మాత్రం పరీక్ష పెట్టేవాళ్ళు అమ్మే అధికారిక పుస్తకాల్లోవే వాడండి. బయట దొరికే నకిలీ ప్రశ్నల్లో క్వాంట్ అయితే ఫరవాలేదు. క్రిటికల్ రీజనింగ్‌లో రెండు జవాబులు సరైనవిగా ఉండే ప్రశ్నలు చేసి చేసి, మంచి ప్రశ్నని కూడా అనుమానించే జబ్బు పట్టుకుంటుంది. ఇప్పుడు ఏఐ చాట్‌బాట్‌ని అడిగితే ఏ ప్రశ్నకైనా క్షణంలో వివరణ ఇస్తుంది. కానీ తప్పు జవాబుకి కూడా అంతే నమ్మకంగా కారణం చెప్పగలదు. మీ కారణం కాగితం మీద పెట్టాకే దాన్ని అడగండి.

సమయం గురించి మొదటి నెల ఆలోచించొద్దు. 45 నిమిషాల్లో 23 ప్రశ్నలంటే ఒక్కోదానికి రెండు నిమిషాలకంటే కాస్త తక్కువే, నిజమే. కానీ నిర్ణయాన్నీ ఆధారాన్నీ విడదీయడం అలవాటయ్యాక వేగం దానంతటదే వస్తుంది. పరీక్షలో జవాబులు గుర్తుపెట్టి, చివర్లో సమయం మిగిలితే ఒక్కో భాగంలో మూడు దాకా మార్చుకునే వీలుంది. ఆ మూడింటినీ తడి కట్టె దొరకని ప్రశ్నల కోసం దాచుకోండి.

ఇక మీరు చెయ్యడానికి ఒకటి, ఎల్‌శాట్ రకంది. "మేనేజరు సంతకం ఉంటేనే కోడు మార్పు సర్వరు మీదకి వెళ్తుంది. టెస్టులన్నీ పాసైతే తప్ప మేనేజరు సంతకం పెట్టరు. శుక్రవారం కనీసం ఒక మార్పు సర్వరు మీదకి వెళ్ళింది." ఇవి నిజమైతే ఏది తప్పకుండా నిజం?

(అ) టెస్టులన్నీ పాసైన ప్రతి మార్పూ శుక్రవారం సర్వరు మీదకి వెళ్ళింది.
(ఆ) ఒక రోజు ఏ మార్పూ సర్వరు మీదకి వెళ్ళలేదంటే ఆ రోజు ఏ సంతకమూ పడలేదు.
(ఇ) సంతకం పడిన ప్రతి మార్పూ సర్వరు మీదకి వెళ్తుంది.
(ఈ) శుక్రవారం సర్వరు మీదకి వెళ్ళినవాటిలో టెస్టులన్నీ పాసైన మార్పు కనీసం ఒకటుంది.
(ఉ) శుక్రవారం మేనేజరు దగ్గరకి టెస్టు ఫెయిలైన మార్పేదీ రాలేదు.

జవాబు (ఈ). సర్వరు మీదకి వెళ్ళిందంటే సంతకం ఉండి తీరాలి, సంతకం ఉందంటే టెస్టులు పాసై తీరాలి. (అ), (ఆ), (ఇ) మూడూ "ఉంటేనే"ని "ఉంటే"గా చదివినవాళ్ళ కోసం పెట్టినవి. (ఉ)లో ఉన్నది వేరే సంగతి. ఫెయిలైన మార్పు మేనేజరు దగ్గరకి రావచ్చు, వచ్చి సంతకం లేకుండా తిరిగి వెళ్ళిపోవచ్చు.